‘ముందుగా ఏం చేస్తారు?’: డెంటల్ లైసెన్సు పరీక్షల్లో ఎథిక్స్, పేషెంట్ కేర్ ప్రశ్నలు

"ఏం కాదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

హైదరాబాద్‌లో ఏ డెంటల్ ఓపీలో కాసేపు నిలబడినా, తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చే ముందు ఈ మాట చెవిన పడుతుంది. చెప్పేవాళ్ల మనసులో చెడు ఏమీ ఉండదు, వినేవాళ్లకూ కాస్త ధైర్యమే. అమెరికా లైసెన్సు పరీక్షలో మాత్రం ఇదే మాట ఆప్షన్లలో ఒకటిగా వస్తే అది తప్పు జవాబు. పేషెంటు దేనికి భయపడుతోందో అడగకుండానే ఆ భయాన్ని పక్కకు నెట్టేశారు. పైగా నొప్పి ఉండదని మాట ఇచ్చారు, సూది దిగాక ఆ మాట నిలబడదు. సరైన జవాబు ఇంకోలా ఉంటుంది: "సూది అంటే భయంగా ఉన్నట్టుంది. ఇంతకు ముందు ఎప్పుడైనా ఇబ్బంది పడ్డారా?"

బీడీఎస్ ముగించి అమెరికా, కెనడా, బ్రిటన్ వైపు చూసేవాళ్ల టైమ్‌టేబుల్‌లో ఎథిక్స్‌కు దక్కేది చాలాసార్లు ఆఖరి వారమే. ఫార్మకాలజీకి నెలన్నర, ఎండో (పంటి వేరు చికిత్స), పెరియో (చిగుళ్ల వైద్యం)లకు చెరో నెల, దీనికి మాత్రం "అదంతా కామన్ సెన్సే కదా". చిక్కంతా ఆ కామన్ సెన్స్‌లోనే ఉంది. అది కిటకిటలాడే టీచింగ్ హాస్పిటల్ ఓపీలో, "మాకేం తెలుసు డాక్టరు గారూ, మీరెట్లా చేస్తే అట్లా" అనే పేషెంట్ల మధ్య, పరీక్షలోపు ఇన్ని పళ్లు తీయాలి, ఇన్ని ఫిల్లింగులు చెయ్యాలి అనే కోటా ఒత్తిడిలో తయారైన కామన్ సెన్స్. ప్రశ్న రాసినవాళ్లది వేరే చట్టాల కింద, వేరే క్లినిక్‌లో తయారైంది. ఇక్కడి అలవాటుతో అక్కడి ప్రశ్నకు జవాబు గుర్తిస్తే మార్కు ఎందుకు పోయిందో కూడా అంతుపట్టదు.

పోయే మార్కులు కొద్దిపాటివి కావు. 2020 ఆగస్టులో మొదలై పాత రెండు భాగాల బోర్డు పరీక్ష స్థానంలోకి వచ్చిన అమెరికా లైసెన్సు పరీక్ష ఐఎన్‌బీడీఈలో 500 ప్రశ్నలు. రోగనిర్ధారణ, చికిత్సా ప్రణాళికకు 36.2 శాతం, నోటి ఆరోగ్య నిర్వహణకు 42 శాతం, ‘ప్రాక్టీస్ అండ్ ప్రొఫెషన్’కు 21.8 శాతం. ఎథిక్స్, చట్టం, పేషెంటుతో మాట్లాడే తీరు, క్లినిక్ భద్రత, పరిశోధనా పత్రాలను బేరీజు వేయడం ఈ మూడో ముక్కలోకి వస్తాయి. లెక్కకు నూరు పైచిలుకు ప్రశ్నలు. కెనడాలో ఎన్‌డీఈసీసీ పరీక్షకు క్లినికల్ స్కిల్స్‌తో పాటు ‘సిట్యుయేషనల్ జడ్జ్‌మెంట్’ అనే విడి భాగమే ఉంది, రెండింట్లోనూ గట్టెక్కాలి. బ్రిటన్‌లో విదేశీ డెంటిస్టులు రాసే ఓఆర్ఈ రెండో భాగంలో ఆస్కీ స్టేషన్లలో, అంటే ఒక్కోచోట ఒక్కో పని చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్షలో, పేషెంటు వేషంలో నటులు కూర్చుంటారు. మన దగ్గర కూడా 1948 నాటి డెంటిస్టుల చట్టం స్థానంలో వచ్చిన 2023 నేషనల్ డెంటల్ కమిషన్ చట్టంలో ‘నెక్స్ట్’ అనే ఎగ్జిట్ పరీక్షకు చోటు కల్పించారు. కాబట్టి ఇది విదేశాలకు వెళ్లేవాళ్ల గొడవ మాత్రమే అనుకోవడానికి లేదు.

ఐదు సూత్రాల తర్వాత

అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నియమావళిలో ఐదు సూత్రాలున్నాయి. పేషెంటు నిర్ణయాన్ని గౌరవించడం, హాని చేయకపోవడం, మేలు చేయడం, న్యాయంగా ఉండటం, నిజం చెప్పడం. బీడీఎస్‌లో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ షార్ట్ నోట్‌గా ఇవి అందరూ రాసినవే. కానీ ‘కింది వాటిలో నిజాయితీ సూత్రం ఏది?’ అన్నంత తేలిక ప్రశ్న అరుదు. రెండు సూత్రాలను ఒకదానికొకటి ఎదురు నిలబెట్టి, అందులోంచి ప్రశ్న లాగుతారు.

ఆ నియమావళిలో సూత్రాల కింద నియమాలు, నియమాల కింద ‘అడ్వైజరీ ఒపీనియన్స్’ అనే చిన్న చిన్న వివరణలు ఉంటాయి. చాలామంది సూత్రాలు చదివి వదిలేస్తారు. ప్రశ్నకు పనికొచ్చే సరుకంతా ఆ వివరణల్లోనే ఉంది. ఒక ఉదాహరణ. పేషెంటుకు అలర్జీ లేదు, పాత అమాల్గం (వెండి రంగు) ఫిల్లింగులు బాగానే ఉన్నాయి. "ఇందులో పాదరసం ఉంది, విషం, అన్నీ తీయించేసుకోండి" అని డెంటిస్టే సొంతంగా సలహా ఇచ్చి తీసేస్తే అది అనైతికం. ఏ సూత్రం కింద? ‘హాని చేయకపోవడం’ అని చాలామంది గుర్తిస్తారు. నియమావళి దాన్ని ‘నిజం చెప్పడం’ కింద పెట్టింది, ఎందుకంటే అక్కడ మొదటి తప్పు అబద్ధం చెప్పడం. ఇంకో ఉదాహరణ: బిల్లు బాకీ ఉన్న పేషెంటు తన రికార్డుల కాపీ అడిగింది. బాకీ కట్టేదాకా ఆపవచ్చా? ఆపకూడదు. ఇక్కడ ఎక్స్‌రే ఫిల్మును పేషెంటు చేతికిచ్చి పంపడం మామూలే కాబట్టి రికార్డు ఎవరిదన్న ప్రశ్నే తట్టదు. అక్కడ అసలు రికార్డు క్లినిక్ దగ్గరే ఉంటుంది, కాపీ పొందే హక్కు పేషెంటుది.

తప్పొప్పులకన్నా వరుస ముఖ్యం

ప్రశ్న చివరి వాక్యంలో ‘మొదట’, ‘అన్నింటికన్నా తగిన’, ‘తక్షణ స్పందనగా’ అన్న మాటల్లో ఏదో ఒకటి తరచూ ఉంటుంది. నాలుగు ఆప్షన్లలో మూడు మంచి పనులే కావచ్చు, ఎప్పుడో ఒకప్పుడు చేయాల్సినవే కావచ్చు. అడుగుతున్నది వాటిలో ముందు ఏది అని. ఎథిక్స్ ప్రశ్నను నీతిపాఠంలా కాక మెడికల్ ఎమర్జెన్సీ ప్రశ్నలా, అంటే మెట్ల వరుసలా చూడటం అలవాటు చేసుకుంటే సగం పని అయిపోతుంది.

ఆ మెట్లు ఇలా ఉంటాయి. ప్రాణానికి గానీ పెద్ద హానికి గానీ తక్షణ ప్రమాదం ఉందా? ఉంటే మిగతావన్నీ ఆగుతాయి. లేకపోతే, ఈ నిర్ణయం ఎవరిది? పెద్దవాళ్లయి, విషయం అర్థం చేసుకోగలిగితే పేషెంటుదే, పక్కన ఎంతమంది నిలబడినా. ఆ తర్వాత, తేల్చుకోవడానికి మన దగ్గర సమాచారం ఉందా? లేకపోతే అడగడం, పరీక్షించడం. అప్పుడే వివరించడం, ప్రత్యామ్నాయాలు చెప్పడం, జరిగింది రాసిపెట్టడం. బయటివాళ్లకు పంపడం, ఫిర్యాదు చేయడం చివరి మెట్టు. రెండో మెట్టు దగ్గర ఉండగా చివరి మెట్టుకు ఎగిరే ఆప్షన్ దాదాపు ఎప్పుడూ ఎరే. ‘డెంటల్ బోర్డుకు ఫిర్యాదు చేస్తారు’, ‘సైకియాట్రిస్టుకు రెఫర్ చేస్తారు’ లాంటివి.

ఈ వరుసకు ఒక పెద్ద మినహాయింపు ఉంది. పిల్లల మీద దెబ్బల ఆనవాళ్లు. చెవి వెనక కమిలిన గుర్తులు, వేర్వేరు రోజుల్లో తగిలినట్టున్న గాయాలు, తల్లి చెప్పే కథకు గాయానికి పొంతన లేకపోవడం. ఇక్కడ హౌస్ సర్జన్‌కు తోచేది తల్లిదండ్రులను కూర్చోబెట్టి అడగడం, లేదా "ఖాయంగా తెలిశాక చూద్దాం" అనుకోవడం. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ డెంటిస్టులు తప్పనిసరిగా తెలియజేయాల్సినవాళ్ల జాబితాలో ఉన్నారు. సహేతుకమైన అనుమానం చాలు, రుజువు సేకరించడం డెంటిస్టు పని కాదు. గాయాలను నమోదు చేయాలి, పిల్లల రక్షణ సంస్థకు చెప్పాలి. తల్లిదండ్రుల్ని నిలదీస్తే బిడ్డ ఇంటికెళ్లాక ప్రమాదం పెరగవచ్చు, అందుకే ఆ ఆప్షన్ తప్పు. మన దేశంలో లైంగిక నేరాల విషయంలో 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ఇలాగే తెలియజేయడాన్ని తప్పనిసరి చేసింది. పరీక్ష ఏ దేశానిదైనా ఇది తెలిసి ఉండాల్సిన సంగతి.

"అమ్మకు చెప్పకండి డాక్టర్"

దగ్గరగా చూడాల్సిన కేసు ఒకటి. 68 ఏళ్ల ఆవిడ, నాలుక పక్కన మూడు వారాలుగా మానని పుండు, తడిమితే గట్టిగా ఉంది. బయాప్సీ చేశారు, స్క్వామస్ సెల్ కార్సినోమా అని రిపోర్టు వచ్చింది. ఆవిడ లోపలికి రాకముందే కూతురు డాక్టర్‌ను పక్కకు పిలిచింది. "అమ్మకు క్యాన్సర్ అని చెప్పకండి, తట్టుకోలేదు. ఇన్ఫెక్షన్ అని చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం." ఆప్షన్లు: ఒకటి, కూతురి మాట ప్రకారం ఇన్ఫెక్షన్ అని చెప్పడం. రెండు, "చట్టం ఒప్పుకోదు" అని కూతురికి చెప్పి, వెంటనే తల్లికి రిపోర్టు మొత్తం వివరించడం. మూడు, ఏమీ చెప్పకుండా ఆంకాలజిస్టుకు రాసివ్వడం. నాలుగు, తన రిపోర్టు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటోందో, ఎవరి సమక్షంలో వినాలనుకుంటోందో తల్లినే అడగడం.

మన దగ్గర చదివినవాళ్లు ఒకటో, మూడో దగ్గర ఆగిపోతారు. ఇక్కడ కొడుకో కూతురో డాక్టర్‌ను గది బయటికి తీసుకెళ్లడం రోజూ జరిగేదే, అందులో ప్రేమ తప్ప కుట్ర ఏమీ కనపడదు. పుస్తకం గట్టిగా చదివినవాళ్లు రెండో ఆప్షన్‌కు పరుగెత్తుతారు, ‘నిజం చెప్పడం’ సూత్రం గుర్తొచ్చి. సరైనది నాలుగు. నిజం వినే హక్కు ఎంత ఆవిడదో, వద్దనుకునే హక్కూ అంతే ఆవిడది. ఆ ఎంపిక ఆవిడే చేయాలి, కూతురు కాదు, డాక్టరూ కాదు. "నాకేం చెప్పొద్దు బాబూ, మా అమ్మాయికి చెప్పండి" అని ఆవిడే అంటే, అప్పుడు కూతురికి చెప్పడం తప్పు కాదు. పైకి ఇదే ఇక్కడి ఆచారంలా కనపడుతుంది. తేడా అల్లా ముందు ఆవిడను అడగడంలోనే ఉంది, మార్కు కూడా దానికే.

ఇదే కేసును భాష వైపు నుంచి తిప్పి అడుగుతారు. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, కూతురు తర్జుమా చేస్తానంటుంది. పాతబస్తీ నుంచి వచ్చిన ఉర్దూ పేషెంటుకు పక్క కుర్చీలోని ఇంకో పేషెంటు తెలుగులోకి చెప్పి పెట్టడం ఇక్కడి ఓపీల్లో వింతేం కాదు. పరీక్ష మాత్రం శిక్షణ పొందిన దుబాసీని కోరుతుంది, ఫోన్‌లో అయినా సరే. ఇంటివాళ్లు ఇష్టంలేని మాటల్ని మింగేస్తారు. పైన కూతురు చేయబోయింది అదేగా.

సమ్మతి అంటే సంతకమే కాదు

కన్సెంట్ ఫారం మీద సంతకం చేయించే పని మన దగ్గర చాలాచోట్ల రిసెప్షన్‌దో, జూనియర్‌దో. పరీక్షలో సంతకానికి విలువ తక్కువ, మాట్లాడిన మాటకు ఎక్కువ. జబ్బు ఏమిటి, ఏ చికిత్స, దానివల్ల లాభం, వచ్చే చిక్కులు, వేరే దారులు, ఏమీ చేయకపోతే ఏమవుతుంది. ఈ ఆరూ పేషెంటుకు అర్థమయ్యే భాషలో చెప్పి, ప్రశ్నలు అడగనిచ్చినప్పుడే అది సమ్మతి. ఆరోది, అంటే ఏమీ చేయకపోవడం, చాలామంది చెప్పడం మరిచిపోయేది. బ్రిటన్ స్టేషన్లలో దీనికి ఇంకో మెట్టు ఉంది. 2015 మాంట్‌గొమరీ తీర్పు తర్వాత, ‘సాధారణంగా చెప్పే చిక్కులు’ చెబితే సరిపోదు, ఎదురుగా ఉన్న ఈ మనిషికి ఏది ముఖ్యమో అది చెప్పాలి. కింది జ్ఞానదంతం తీసేటప్పుడు పెదవి తిమ్మిరి రావచ్చన్న మాట ఎవరికైనా చెప్పాల్సిందే, సన్నాయి వాయించే మనిషికి మరీ నొక్కి చెప్పాలి. మన సుప్రీంకోర్టు కూడా 2008లో సమీరా కోహ్లీ కేసులో, రోగనిర్ధారణ కోసం ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదని తేల్చింది.

పిల్లల విషయంలో తికమక ఎక్కువ. ఇక్కడ బాబును ఎవరు తీసుకొచ్చినా, నానమ్మ గానీ మేనమామ గానీ, పెద్దవాళ్లున్నారు కదా అని పన్ను తీసేస్తారు. పరీక్షలో నానమ్మకు చట్టపరమైన సంరక్షణ హక్కు ఉందని ప్రశ్నలో చెప్పకపోతే లేదనే అనుకోవాలి. ఎమర్జెన్సీ కాకపోతే తల్లికో తండ్రికో ఫోన్ చేయడం సరైన జవాబు. ముఖం వాచి, ఊపిరి కష్టమవుతూ, తల్లిదండ్రులు అందుబాటులో లేకపోతే చికిత్స ఆగదు, మొదటి మెట్టు అదే. వయసు దగ్గర దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 18. బ్రిటన్‌లో 16 నిండితే సొంతంగా సమ్మతి ఇవ్వవచ్చు, అంతకన్నా చిన్నవాళ్లయినా విషయం పూర్తిగా అర్థం చేసుకోగలిగితే ‘గిల్లిక్’ అర్హత కింద ఇవ్వవచ్చు. రెండు దేశాల నోట్సులు కలిపి చదివేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

సమ్మతికి అవతలి వైపు నిరాకరణ. పేషెంటు ఎక్స్‌రే వద్దంటాడు, "ఏం జరిగినా నాదే బాధ్యత, సంతకం పెడతాను, రూట్ కెనాల్ చేసేయండి" అంటాడు. నిర్ణయం పేషెంటుదే కదా అని ఒప్పుకుంటే తప్పు. పేషెంటుకు చికిత్స వద్దనే హక్కు ఉంది గానీ, ప్రమాణాలకు తక్కువైన చికిత్స చేయించుకునే హక్కు లేదు. ఆ సంతకం డెంటిస్టును కాపాడదు. ముందు ఎందుకు వద్దంటున్నాడో అడగాలి. రేడియేషన్ భయమైతే వివరించాలి, ఇంకా వద్దంటే అది రాసిపెట్టి, ఆ చికిత్స చేయలేమని చెప్పాలి. మంచి పళ్లన్నీ పీకించుకుని కట్టుడు పళ్లు పెట్టించుకుంటానన్న పేషెంటుకూ ఇదే జవాబు.

ఇన్సూరెన్స్ లెక్క

మనవాళ్లకు బొత్తిగా పరిచయం లేని భాగం ఇది. హైదరాబాద్‌లో పళ్ల వైద్యం ఎక్కువగా చేతి డబ్బుతో సాగేది. "ఐదు వందలు తగ్గించండి సార్" అంటే తగ్గించడం మంచితనమే. అమెరికాలో అదే మంచితనం మోసం కావచ్చు.

ఒక చికిత్సకు ఫీజు 100 డాలర్లు. ఇన్సూరెన్స్ 80 శాతం ఇస్తుంది, మిగతా 20 డాలర్లు పేషెంటు కట్టాలి. పేషెంటు కష్టాల్లో ఉందని డెంటిస్టు ఆ 20 వదిలేశాడు, కంపెనీకి మాత్రం 100 అని బిల్లు పంపి 80 తీసుకున్నాడు. నిజానికి అతను వసూలు చేయదలచిన ఫీజు 80 మాత్రమే. అందులో 80 శాతం అంటే 64. కంపెనీ 16 డాలర్లు ఎక్కువ కట్టింది. ఆ 20 వదిలేస్తున్నట్టు కంపెనీకి చెప్పకపోవడమే ఇక్కడి తప్పు, నియమావళి దీన్ని ఎక్కువ బిల్లు వేయడంగానే లెక్కగడుతుంది. తేదీల సంగతీ అంతే. క్రౌన్ డిసెంబర్‌లో పెట్టారు, ఈ ఏడాది పరిమితి అయిపోయింది కాబట్టి జనవరి తేదీ వేయమని పేషెంటు బతిమాలింది. జాలి కలిగించేలా ప్రశ్నను ఎంత అల్లినా జవాబు మారదు. వాయిదాల్లో కట్టమనడం, చికిత్సను దశలుగా విడగొట్టడం లాంటి ఆప్షన్ పక్కనే ఉంటుంది, అదే గుర్తించాలి.

వెనకటి డెంటిస్టు పని గురించిన ప్రశ్నలు కూడా ఇంచుమించు ఈ కోవలోనివే. ఎక్స్‌రేలో విరిగిన ఫైలు (రూట్ కెనాల్‌లో వాడే సన్నటి పరికరం) ముక్క కనపడింది, అది తను చేసింది కాదు. "ఎవరమ్మా ఇట్లా చేసింది?" అన్న మాట ఇక్కడ నోటికొచ్చేస్తుంది. పరీక్షలో, ప్రస్తుతం పంటి పరిస్థితి ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పాలి, చేసినవాళ్లను చిన్నబుచ్చకూడదు. పదే పదే జరుగుతున్న, లేదా ఘోరమైన తప్పుడు వైద్యం అయితేనే పైవాళ్ల దృష్టికి తీసుకెళ్లడం. ఫైలు విరిగింది తన చేతిలోనే అయితే, అదే రోజు పేషెంటుకు చెప్పి, రాసి, అవసరమైతే ఎండోడాంటిస్టుకు పంపాలి.

హెచ్ఐవీ ఉన్న పేషెంటును కేవలం ఆ కారణంగా తిప్పి పంపడం గురించి ఒక్క మాట చాలు: అనైతికం, చట్టవిరుద్ధం. 1998లో అమెరికా సుప్రీంకోర్టు బ్రాగ్డన్ వర్సెస్ ఆబట్ తీర్పు ఒక పంటి ఫిల్లింగు దగ్గర మొదలైన కేసే. మన దగ్గర 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉంది.

వయల్ నుంచి కార్ట్రిడ్జ్‌కు

పేషెంట్ కేర్ ప్రశ్నల్లో మనవాళ్లను ఇబ్బంది పెట్టేది చదువు లోపం కాదు, సామాను తేడా. ఇక్కడి ఓపీలో తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ 30 మిల్లీలీటర్ల వయల్‌లో (చిన్న సీసాలో) వస్తుంది, 2 శాతం, అడ్రినలిన్ సాధారణంగా 1:80,000. 2 మిల్లీలీటర్ల సిరంజిలోకి లాగి ఇస్తారు. అమెరికా ప్రశ్నలో అదే మందు పేరు లిడోకెయిన్, అడ్రినలిన్ పేరు ఎపినెఫ్రిన్, కొలత 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ (సిరంజిలో నేరుగా అమర్చే మందు గొట్టం), గాఢత 1:100,000.

2 శాతం అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. కార్ట్రిడ్జ్‌కు 36 మిల్లీగ్రాముల లిడోకెయిన్. 1:100,000 అంటే మిల్లీలీటరుకు 0.01 మిల్లీగ్రాము, కార్ట్రిడ్జ్‌కు 0.018 మిల్లీగ్రాము ఎపినెఫ్రిన్. గుండె జబ్బు పేషెంటుకు పరిమితి 0.04 మిల్లీగ్రాము. రెండు కార్ట్రిడ్జ్‌లు 0.036, మూడోది దాటిపోతుంది. ఇక్కడి వయల్‌తో లెక్క వేస్తే సిరంజికి 0.025 మిల్లీగ్రాము, అంటే రెండో సిరంజి సగం దాటగానే పరిమితి అయిపోతుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే ఒకసారి చేత్తో వేసుకుంటే మళ్లీ మరిచిపోవడం ఉండదు. పిల్లలకు కిలోకు 4.4 మిల్లీగ్రాముల లెక్కన, 20 కిలోల బాబుకు 88 మిల్లీగ్రాములు, అంటే రెండు కార్ట్రిడ్జ్‌లకు పైన ఇంకొంచెం. జవాబు రెండు అనే, రెండున్నరకు సవరించకూడదు.

ఇంకో ఉచ్చు పాత నోట్సు. కోఠీలో సెకండ్ హ్యాండ్ పుస్తకాలు, సీనియర్ల జెరాక్సులు చేతులు మారుతూనే ఉంటాయి. గుండె కవాటం మార్పించుకున్న పేషెంటుకు పన్ను తీసే ముందు ఇచ్చే యాంటీబయాటిక్ దగ్గర, పెన్సిలిన్ పడనివాళ్లకు క్లిండామైసిన్ 600 మిల్లీగ్రాములు అని వాటిలో ఉంటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో దాన్ని తీసేసింది. ఇప్పుడు అజిత్రోమైసిన్ 500 లేదా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు. పెన్సిలిన్‌కు తీవ్రమైన అలర్జీ చరిత్ర లేకపోతే సెఫలెక్సిన్ 2 గ్రాములు కూడా. అలర్జీ లేనివాళ్లకు ఎప్పటిలాగే అమాక్సిసిలిన్ 2 గ్రాములు, 30 నుంచి 60 నిమిషాల ముందు. పిల్లలకు కిలోకు 50 మిల్లీగ్రాములు. మోకాలి చిప్ప మార్పించుకున్నవాళ్లకు మామూలుగా అక్కర్లేదు.

బీపీ 180/110 లేదా ఆ పైన ఉంటే అత్యవసరం కాని చికిత్స వాయిదా. ఛాతీ నొప్పికి నైట్రోగ్లిజరిన్ 0.4 మిల్లీగ్రాము నాలుక కింద, ఐదు నిమిషాలకోసారి మూడు సార్ల వరకు. కానీ సిల్డెనాఫిల్ (వయాగ్రా) వాడాడా అని ముందు అడగాలి, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇక్కడ ఆ ప్రశ్న అడగడానికి చాలామందికి నోరు రాదు, పేషెంటు వయసులో పెద్దాయన అయితే మరీను. సూది గుచ్చుకుంటే మొదటి పని సబ్బు నీళ్లతో కడగడం. కుళాయి కింద వేలిని పిండటం కాదు, బ్లీచ్ కాదు. తర్వాత తెలియజేయడం, పేషెంటు రక్త పరీక్షకు అనుమతి అడగడం, అవసరమైతే హెచ్ఐవీ సోకకుండా గంటల్లోపే మందు మొదలుపెట్టడం, 28 రోజులు వాడటం.

నోటితో చేయాల్సిన అభ్యాసం

ఎథిక్స్‌ను ఆఖరి వారానికి నెట్టకుండా ఆరు వారాల పాటు రోజుకు 40 నిమిషాలు కేటాయించడం ఆచరణలో నడిచే పద్ధతి. మొదటి వారం నియమావళి అసలు పత్రమే, అడ్వైజరీ ఒపీనియన్లతో సహా, కోచింగ్ నోట్సు కాదు. బ్రిటన్‌కు వెళ్లేవాళ్లకైతే అక్కడి డెంటిస్టుల నియంత్రణ సంస్థ జీడీసీ 2013లో తెచ్చిన ‘స్టాండర్డ్స్’లోని తొమ్మిది సూత్రాలు. ఆ తర్వాత రోజుకు 15 ప్రశ్నలు. తప్పుల కోసం ఒక నోట్‌బుక్, ప్రతి తప్పుకు ఒకే ఒక కారణం రాయాలి. చట్టం తెలియక పోయిందా? వరుస తప్పిందా? ఇక్కడి అలవాటు అడ్డొచ్చిందా? ‘మొదట’, ‘తప్ప’ లాంటి మాట చూడకపోవడమా? మొదటిది చదివితే పోతుంది. రెండోదానికి, మూడోదానికి చదివి లాభం లేదు, ఆ ప్రశ్ననే వారం తర్వాత ఆప్షన్లు మూసిపెట్టి మళ్లీ చేయాలి. ఆప్షన్లు చూడకముందే మనసులో ఒక జవాబు అనుకోవడం ఇలాంటి ప్రశ్నల్లో బాగా పనిచేస్తుంది, ఎర మీదికి చూపు పోదు.

టైం విషయంలో ఒక లెక్క. ఐఎన్‌బీడీఈ మొదటి రోజు విడి ప్రశ్నల్లో 100కి 105 నిమిషాలు, అంటే ప్రశ్నకు 63 సెకన్లు. రెండో రోజు కేసుల్లో 70కి 105, అంటే 90 సెకన్లు. ఎథిక్స్ కథ పొడుగ్గా ఉంటుంది కాబట్టి ముందు చివరి వాక్యం చదివి, తర్వాత పేషెంటు వయసు, వెంట వచ్చినవాళ్లు, వేసుకునే మందులు రాసి ఉండే ‘పేషెంట్ బాక్స్’ చూసి, ఆ పైన కథలోకి వెళ్లడం మేలు.

కెనడా, బ్రిటన్ స్టేషన్లకు మాత్రం పెన్ను పట్టి లాభం లేదు. అశోక్‌నగర్ స్టడీ హాల్‌లో గొంతెత్తితే పక్కవాళ్లు ఊరుకోరు, కాబట్టి హాస్టల్ గదిలోనో డాబా మీదో ఇద్దరు కూర్చోవాలి. ఒకరు పేషెంటు, ఒకరు డాక్టర్. ‘గుట్కా మానలేకపోతున్నాను’ అనే పేషెంటు మంచి మొదటి కేసు. నోరు రెండు వేళ్ల మేర కూడా తెరుచుకోవడం లేదు, సబ్ మ్యూకస్ ఫైబ్రోసిస్ (నోటి లోపలి పొర బిగుసుకుపోయే జబ్బు). ఇక్కడి డాక్టర్ నోట సహజంగా వచ్చేది "ఇదిట్లా తింటే క్యాన్సర్ వస్తది, తెలుసా?". దాని బదులు "రోజులో ఎప్పుడెప్పుడు వేసుకోవాలనిపిస్తుంది?" అని అడగాలి. ‘ఎందుకు మానలేదు?’ అనకూడదు, ‘ఎందుకు’ అనగానే పేషెంటు బోనులో నిలబడ్డట్టు సంజాయిషీ మొదలుపెడతాడు. అతను చెప్పిందే క్లుప్తంగా అతనికే తిరిగి చెప్పి, మానే ఆలోచన ఎంతవరకు వచ్చిందో కనుక్కుని, అప్పుడు సాయం సంగతి ఎత్తాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లకు ఇంకో అలవాటు కూడా వదలాలి. ‘గారు’ అన్న ఒక్క మాటతో వచ్చే మర్యాద ఇంగ్లిష్‌లో రాదు కాబట్టి, "చెప్పవచ్చా?", "మీకు అభ్యంతరం లేకపోతే" లాంటి మాటలతో దాన్ని పూడ్చాలి. లేకపోతే మాట కటువుగా, ఆర్డర్ వేసినట్టు వినపడుతుంది.

ఈ అభ్యాసాన్ని ఫోన్‌లో రికార్డు చేయాలి. ఐదు నిమిషాల రికార్డింగ్ తిరిగి వింటూ, పేషెంటు వాక్యం పూర్తికాకముందే డాక్టర్ గొంతు మొదలైన ప్రతిచోటా కాగితం మీద ఒక గీత గీయాలి. ఆ పక్కనే, పేషెంటు ‘భయం’, ‘డబ్బు’, ‘ఇంట్లోవాళ్లు’ అన్న మాట ఎత్తినా డాక్టర్ దాన్ని పట్టించుకోకుండా పంటి సంగతికి దాటిపోయిన చోటల్లా ఒక చుక్క. రెండో రోజు కేసు మార్చకుండా అదే కేసు మళ్లీ చేయాలి, గీతలు, చుక్కలు మళ్లీ లెక్కపెట్టాలి.